భూకంపం ఎలా వస్తుంది? మనం కట్టే గోడలకు దానితో పనేమిటి?



ఈసారి సావనీర్‌కు పిల్లలకూ పెద్దలకూ పనికొచ్చే పాఠం ఒకటి రాయమని సొసైటీ పెద్దలు అడిగారు. తిరువూరు మొత్తాన్ని ఒక్క నిమిషంలో వాకిట్లోకి రప్పించిన సంగతి గురించే రాద్దామనుకున్నాం.

2024 డిసెంబరు 4, బుధవారం, ఉదయం 7 గంటల 27 నిమిషాలు. బడికి బయలుదేరే హడావుడిలో ఉన్నాం. వంటింటి అలమరలో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. పిల్లి దూరిందేమో అనుకున్నాం. అంతలో కూర్చున్న కుర్చీ కదిలింది, మేకుకు తగిలించిన సంచి ఊగింది. కొన్ని సెకన్లే. బయటికి వచ్చి చూస్తే వీధి వీధంతా రోడ్డు మీదే ఉంది. కొందరు కలిమా చదువుతున్నారు, కొందరు ఫోన్లు చేస్తున్నారు, ఒకాయన సగం గీసుకున్న గడ్డంతో నిలబడి ఉన్నారు.

ఆ రోజు ఏడో తరగతి పిల్లలు మమ్మల్ని పాఠం మొదలుపెట్టనివ్వలేదు. ఆదిశేషుడు తల మార్చుకున్నాడని వాళ్ల నాయనమ్మ చెప్పిందని ఒక అబ్బాయి అన్నాడు. భూమిని మోసే ఆవు ఒక కొమ్ము మీద నుంచి రెండో కొమ్ము మీదికి మార్చుకుందని వాళ్ల దాదీ చెప్పిందని వెనక బెంచీ అమ్మాయి అంది. రెండు ఇళ్లలోనూ ఒకే కథ. మోసేవాళ్లు అలసిపోయి బరువు సర్దుకున్నారు. సైన్సు చెప్పేదీ దానికి మరీ దూరం కాదు. లోపల పేరుకున్న ఒత్తిడి ఒక్కసారిగా సర్దుకోవడమే భూకంపం. కాకపోతే అక్కడ సర్దుకునేది ఆవూ కాదు, పామూ కాదు, రాయి.

కాళ్ల కింద ఏముంది?

భూమిని ఉడికించిన గుడ్డుతో పోలుద్దాం. పైన పెంకులా పలుచగా ఉండేది భూపటలం. ఖండాల కింద దాని మందం సగటున 30 నుంచి 40 కిలోమీటర్లు. దాని కింద తెల్లసొన స్థానంలో సుమారు 2,900 కిలోమీటర్ల లోతు దాకా ఉండేది భూప్రావారం. అది రాయే గాని, విపరీతమైన వేడి వల్ల లక్షల ఏళ్ల మీద చాలా నెమ్మదిగా కదులుతుంది. నడుమ పచ్చసొనలా ఉండేది ఎక్కువగా ఇనుముతో నిండిన కేంద్ర మండలం.

పైపెంకు ఒకటే ముక్కగా లేదు. ప్రావారంలోని పైభాగాన్ని కూడా కలుపుకొని పెద్ద పెద్ద ఫలకాలుగా విడిపోయి ఉంది. మనం ఉన్నది భారత ఫలకం మీద. ఇది ఈశాన్య దిశగా ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున జరుగుతోంది. బడి గోడ మీద గీత గీసి చూస్తే ఏడో తరగతి పిల్లవాడు ఏడాదిలో దాదాపు అంతే పొడుగవుతాడు. చిన్న సంఖ్యే, కానీ నూరేళ్లలో 5 మీటర్లు. మన ఫలకం సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియా ఖండాన్ని ఢీకొని, నేటికీ నెడుతూనే ఉంది. ఆ తోపుడుకు నలిగి పైకి లేచినవే హిమాలయాలు. అందుకే అక్కడ భూకంపాలు ఎక్కువ.

రాయి ఎందుకు జారుతుంది?

తరగతిలో ఒక ప్లాస్టిక్ స్కేలు తీసుకుని రెండు చివరలూ పట్టుకుని వంచాం. వంగింది. ఇంకొంచెం వంచాం, ఇంకొంచెం వంగింది. వదిలితే టప్పున వెనక్కి వచ్చి వణికింది. రాయి కూడా అంతే. ఒత్తిడి పడితే కంటికి కనిపించనంత మెల్లగా వంగుతుంది, ఆ శక్తిని తనలో దాచుకుంటుంది. నేలలో పాత పగుళ్లు ఉంటాయి. వాటినే భ్రంశాలు అంటారు. పగులుకు రెండు పక్కలా ఉన్న రాళ్లు ఒరుసుకుని, బిగుసుకుపోయి ఉంటాయి. ఒత్తిడి ఆ ఒరిపిడిని మించిన క్షణాన రెండు పక్కలూ జారిపోతాయి. ఏళ్ల తరబడి దాచుకున్న శక్తి కొన్ని సెకన్లలో బయటపడుతుంది. 1906లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం తర్వాత, కంచెలూ రోడ్లూ రెండుగా తెగి పక్కకు జరిగిన తీరును పరిశీలించి హ్యారీ ఫీల్డింగ్ రీడ్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి వివరించాడు.

లోపల జారుడు మొదలైన చోటును నాభి అంటాం. దానికి సరిగ్గా పైన నేల మీద ఉన్న చోటు అధికేంద్రం. డిసెంబరు 4న అధికేంద్రం ములుగు జిల్లాలో, నాభి సుమారు 40 కిలోమీటర్ల లోతులో ఉన్నట్టు జాతీయ భూకంప కేంద్రం ప్రకటించింది.

హిమాలయాలు ఎక్కడ, ములుగు ఎక్కడ?

ఈ ప్రశ్న ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. జవాబు మనకు దగ్గరలోనే, సత్తుపల్లి, కొత్తగూడెం, ఇల్లెందు బొగ్గు గనుల్లో ఉంది.

కోట్ల ఏళ్ల కిందట ఇప్పటి ప్రాణహిత, గోదావరి నదులు పారే దారి వెంబడి నేల సాగి చీలింది. రెండు పక్కలా గట్టి రాతినేల నిలిచిపోయి, నడుమ పొడవాటి పట్టీలాగా నేల దిగబడింది. దీన్ని పగులు లోయ అంటారు. ఆ పల్లంలో సుమారు 25, 30 కోట్ల ఏళ్ల కిందట ఇసుక, బురద, చెట్లూ చేమలూ పొరలు పొరలుగా పూడుకుపోయాయి. ఆ పూడిన చెట్లే నేటి సింగరేణి బొగ్గు. అంటే మన ప్రాంతానికి బొగ్గు ఇచ్చిందీ, అప్పుడప్పుడు వణుకు ఇస్తున్నదీ ఒకే పగులు లోయ. భారత ఫలకాన్ని ముందువైపు హిమాలయాలు అడ్డుకుంటుంటే ఆ ఒత్తిడి వెనక ఉన్న దక్షిణాది దాకా పాకుతుంది. కొత్తగా పగలడం కంటే పాత పగులు దగ్గర జారడం రాయికి తేలిక.

కాబట్టి మనకు ఇదేమీ కొత్త కాదు. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5 పరిమాణం దాటిన భూకంపాలు వచ్చాయి. 2002 నాటి భారత ప్రమాణాల సంస్థ పటం దేశాన్ని 2, 3, 4, 5 అని నాలుగు జోన్లుగా విభజించింది. ఐదోది అన్నిటికంటే ప్రమాదకరం. అందులో విజయవాడ, భద్రాచలం మూడో జోన్‌లో ఉన్నాయి. మన తిరువూరు ఆ రెండు ఊళ్ల నడుమ ఉంది.

వణుకు మన దాకా ఎలా వచ్చింది?

ప్రార్థన సమావేశంలో వరసగా నిలబడ్డ పిల్లల్లో చివరివాణ్ని ఒక్క తోపు తోస్తే, ఆ తోపు ఒకరి నుంచి ఒకరికి ముందు దాకా వెళ్తుంది. రాతిలో ఇలా ముందుకూ వెనక్కూ నెట్టుకుంటూ వచ్చేవి ప్రాథమిక తరంగాలు. ఇవి సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోతాయి. బట్టలు ఆరేసే తాడును ఒక చివర పట్టుకుని ఊపితే తాడు పైకీ కిందికీ ఊగుతుంది కదా, అలా అడ్డంగా ఊపుతూ వచ్చేవి ద్వితీయ తరంగాలు. వాటి వేగం సెకనుకు సుమారు మూడున్నర కిలోమీటర్లు. ఆ వెనక నేల పైపొరలో పాకుతూ ఉపరితల తరంగాలు వస్తాయి. మొదటివి తలుపు తట్టినట్టు తెలుస్తాయి. గోడలకు అసలు పరీక్ష ఆ వెనక వచ్చేవాటితో.

మనకూ ఆ అధికేంద్రానికీ దూరం ఉజ్జాయింపుగా 150 కిలోమీటర్లు. 150ని 6తో భాగిస్తే 25 సెకన్లు. మూడున్నరతో భాగిస్తే సుమారు 43 సెకన్లు. రెండింటికీ తేడా 18 సెకన్లు. భూకంప లేఖిని గీసిన గీతలో ఈ తేడా చూసి దూరం చెప్పేస్తారు. తేడా సెకన్లను 8తో హెచ్చిస్తే ఇంచుమించు కిలోమీటర్లు వస్తాయి. మూడు వేర్వేరు కేంద్రాల నుంచి అలా మూడు దూరాలు తెలిస్తే, పటం మీద మూడు వృత్తాలు గీసి, అవి కలిసే చోటును అధికేంద్రంగా గుర్తించవచ్చు. పదో తరగతి పిల్లలు కంపాస్‌తో చేయగల లెక్క ఇది.

పత్రికల్లో చదివిన అంకె

ఆ భూకంపం పరిమాణం 5.3 అని చదివాం. పత్రికలు దాన్ని తీవ్రత అని రాస్తాయి గాని, పరిమాణం వేరు, తీవ్రత వేరు. మసీదు మైకు ఉదాహరణ చూడండి. ఆంప్లిఫయర్ నుంచి వెలువడే శబ్దం ఒక్కటే. మసీదు పక్కింట్లో అది గట్టిగా వినిపిస్తుంది, బైపాస్ దగ్గర మెల్లగా వినిపిస్తుంది, గాలి అటు వీస్తే ఇంకోలా ఉంటుంది. పుట్టినచోట వెలువడిన మొత్తం పరిమాణం. దానికి ఒక భూకంపానికి ఒకే అంకె. మన ఇంటి దగ్గర ఎంత ఊగిందన్నది తీవ్రత. అది ఊరూరికీ, ఒక్కోసారి వీధి వీధికీ మారుతుంది. గట్టి రాతినేల మీద తక్కువగా, కాలవల కింది మెత్తటి ఒండ్రు నేల మీద ఎక్కువగా ఊగుతుంది.

1935లో చార్లెస్ రిక్టర్ రూపొందించిన స్కేలులో ఒక్కో అంకె పెరిగితే ఊపు 10 రెట్లు, వెలువడే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. 5కూ 6కూ తేడా ఒకటే అనుకుంటే పొరపాటు. ములుగు భూకంపంతో పోలిస్తే 1993 నాటి లాతూరు భూకంపంలో శక్తి సుమారు 20 రెట్లు, 2001 నాటి భుజ్ భూకంపంలో కొన్ని వేల రెట్లు.

మనుషులు దేనివల్ల చనిపోతారు?

ఇక్కడి నుంచి దాతలు కొంచెం ఓపికగా చదవాలని మనవి.

1993 సెప్టెంబరు 30. మేము చదువుకుంటున్న రోజులు. తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతంలో భూమి కంపించింది. పరిమాణం 6.2. ముందు రాత్రి వినాయక నిమజ్జనం ముగించుకుని జనం ఇళ్లలో గాఢనిద్రలో ఉన్నారు. దాదాపు పదివేల మంది చనిపోయారు. అప్పటి పటంలో ఆ ప్రాంతం అన్నిటికంటే తక్కువ ప్రమాదం ఉన్న జోన్‌లో ఉంది. వాళ్లను చంపింది నేల చీలి కాదు. మట్టితో పేర్చిన లావాటి రాతిగోడలు, వాటి మీద టన్నుల కొద్దీ మట్టి పోసిన పైకప్పులు చంపాయి. దృఢంగా కనిపించిన పెద్ద ఇళ్లు కుప్పకూలాయి. తేలికపాటి కప్పున్న గుడిసెల్లో చాలామంది బతికి బయటపడ్డారు.

2001 జనవరి 26న భుజ్ భూకంపం గణతంత్ర దినోత్సవం ఉదయాన వచ్చింది. అధికేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. కింద పార్కింగ్ కోసం గోడలు లేకుండా ఒట్టి స్తంభాల మీద నిలబెట్టినవి వాటిలో చాలా ఉన్నాయి. అంజార్ పట్టణంలో జెండా పండుగ ఊరేగింపుగా ఇరుకు సందులో వెళ్తున్న పిల్లల మీద రెండు పక్కల ఇళ్లూ కూలాయి. 185 మంది విద్యార్థులు, 20 మంది ఉపాధ్యాయులు అక్కడే చనిపోయారు. ప్రతి ఆగస్టు 15న, జనవరి 26న పిల్లలను వరసలో నడిపించే మాకు ఆ సంఖ్య గుర్తుకు రాకుండా ఉండదు. 2005 అక్టోబరు 8న, రంజాన్ నెలలో, బడి వేళకు వచ్చిన కాశ్మీర్ భూకంపంలో సరిహద్దు అవతల వేలాది మంది పిల్లలు తమ తరగతి గదుల కిందే ఉండిపోయారు.

నేలను మనం ఆపలేం. ఏ రోజు, ఏ గంటకు వస్తుందో నేటి వరకు ఎవరూ ముందుగా చెప్పలేకపోయారు. వాట్సాప్‌లో తేదీ, టైము వేసి పంపేవన్నీ వట్టి పుకార్లు. కానీ గోడ ఎలా కట్టాలో మన చేతిలో ఉంది.

విధికి వదిలేయాల్సిన విషయానికి ఇంజనీరు ఎందుకని జుమా తర్వాత ఒక పెద్దాయన మమ్మల్ని అడిగారు. దివ్యఖుర్ఆన్‌లో 99వ సూరా పేరే జిల్‌జాల్, భూకంపం. దాన్ని చదివే ఉమ్మత్ భూకంపాన్ని పట్టించుకోకుండా ఊరుకోలేదు. మన మదరసాల్లో చదివే తఫ్సీరె జలాలైన్ రచయితల్లో ఒకరైన ఇమామ్ జలాలుద్దీన్ సుయూతీ, 500 ఏళ్ల కిందట కైరోలో కూర్చుని, అప్పటివరకు వచ్చిన భూకంపాలను ఏడాది వారీగా ఒక పుస్తకంలో నమోదు చేశారు. పాత భూకంపాల లెక్క తీసే నేటి శాస్త్రవేత్తలు ఇప్పటికీ దాన్ని సంప్రదిస్తారు. ముందు ఒంటెను కట్టి, తర్వాత అల్లాహ్‌పై భరోసా ఉంచాలని మక్తబ్‌లో పిల్లలకు మనమే నేర్పుతాం.

మన భవనం సంగతి

సొసైటీ హాలు మీద కంప్యూటర్ తరగతి కోసం ఒక అంతస్తు వేయాలని మనం అనుకుంటున్నాం. సాయంత్రం ట్యూషన్‌కు వచ్చే పిల్లలు కింద కూర్చుంటారు. పైన కొత్త శ్లాబు, కొత్త గోడలు, నీళ్ల ట్యాంకు వస్తాయి. ఇప్పుడున్న పునాది, స్తంభాలు ఒక్క అంతస్తు కోసం వేసినవి. అవి రెండో అంతస్తు మోస్తాయో లేదో చూసి చెప్పగలవారు స్ట్రక్చరల్ ఇంజనీరు. తాపీమేస్త్రి ఎంత అనుభవం ఉన్నవాడైనా, ఆ లెక్క ఆయన పని కాదు.

ఈ మాట చెప్పే అర్హత మాకు ఎక్కడిదని అడగవచ్చు. మా ఇంటి మీద గది వేసుకున్నప్పుడు మేమూ ఎవరినీ అడగలేదు. బి.ఎడ్. చదివి, పిల్లలకు భూకంపాల పాఠం చెప్పే మేమే, మేస్త్రి మాట మీద శ్లాబు పోయించాం. డిసెంబరు 4 సాయంత్రం చూస్తే ఆ గదిలో గోడకూ స్తంభానికీ నడుమ సన్నటి గీత కనిపించింది. అది ఆ రోజే వచ్చిందో, అంతకు ముందే ఉందో మేము ఎన్నడూ చూసుకోలేదు. తర్వాత ఇంజనీరును పిలిపించాం. పైన ట్యాంకు దించి కింద పెట్టమన్నారు, పెట్టాం. ముందే పిలిచి ఉంటే ఆ ఖర్చు, ఆ భయం రెండూ తప్పేవి.

కట్టేటప్పుడు దాతలు, కమిటీవారు అడగాల్సినవి కొన్నే.

ఒకటి. ఇటుక గోడలైతే పునాది మీద, తలుపుల పైన లింటెల్ ఎత్తులో, పైకప్పు కింద భవనం చుట్టూ తెగకుండా కాంక్రీటు బెల్టు తిరగాలి. అది గోడలన్నిటినీ డబ్బాకు తాడు కట్టినట్టు కలిపి ఉంచుతుంది. తలుపు మీద మాత్రమే ముక్క లింటెల్ వేస్తే ఆ పని జరగదు.

రెండు. స్తంభాల్లోని ఇనుప రింగులు దగ్గర దగ్గరగా, ముఖ్యంగా స్తంభం పైనా కిందా ఇంకా దగ్గరగా ఉండాలి. రింగు చివరలు 135 డిగ్రీల కోణంలో లోపలికి వంచాలి. 90 డిగ్రీలకే వంచి వదిలేస్తే గట్టి ఊపుకు రింగు విచ్చుకుంటుంది.

మూడు. కాంక్రీటులో నీళ్లు ఎక్కువ పోయకూడదు. పోసిన తర్వాత మాత్రం రోజుల తరబడి తడుపుతూ ఉండాలి.

నాలుగు. పిట్టగోడలు, ముందు వైపు తోరణాలు, అలంకారపు మినార్లు విడిగా నిలబెట్టకుండా కింది కట్టడంతో ఇనుముతో కలపాలి. చిన్న ఊపుకు ముందు రాలేవి ఇవే, అదీ బయటికి పరుగెత్తే వాళ్ల మీద.

ఐదు. బీరువాలు, పుస్తకాల అలమరలు గోడకు బిగించాలి. దారికీ తలుపుకూ అడ్డం ఉండకూడదు.

కొత్తగా కట్టేటప్పుడు వీటికయ్యే అదనపు ఖర్చు మొత్తం ఖర్చులో కొద్ది భాగమే. పాత దాన్ని తర్వాత బలపరచాలంటే చాలా ఎక్కువవుతుంది. అయితే ఇందులో దాతలకు ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాచకుండా చెప్పాలి. మార్బుల్ నేల వేయిస్తే చూసినవాళ్లు ఎవరు వేయించారని అడుగుతారు. గేటు పెట్టిస్తే దాని మీద పేరు ఉంటుంది. స్తంభం లోపలి రింగుకు, ఇంజనీరు నివేదికకు పేరు ఉండదు. ప్లాస్టరింగ్ అయ్యాక అది ఉందో లేదో కూడా ఎవరికీ కనిపించదు. అయినా మా మనవి ఇదే. ఈ సంవత్సరం వచ్చే విరాళాల్లో మొదటి మొత్తాన్ని ఇంజనీరు పరీక్షకు, పునాది, స్తంభాల బలానికి కేటాయించండి. స్తంభాలు చాలవని నివేదిక వస్తే పై అంతస్తును ఒక ఏడాది వాయిదా వేయండి. నేల మార్బులూ, తోరణమూ ఆ తర్వాత. సదఖా జారియా అంటే మన తర్వాత కూడా నిలిచి ఉండే దానం కదా. నిలవాలంటే ముందు భవనం నిలవాలి.

పిల్లలకు నేర్పాం, మీరూ నేర్చుకోండి

డిసెంబరు తర్వాత మా తరగతిలో నెలకోసారి ఒక ఆట ఆడిస్తున్నాం. మేము డస్టరుతో బల్ల మీద కొడతాం. పిల్లలు మూడు పనులు చేయాలి: వంగాలి, బెంచీ కింద దూరి తల దాచుకోవాలి, బెంచీ కాలు గట్టిగా పట్టుకోవాలి. ఊపు ఆగాక వరసగా మైదానంలోకి నడవాలి. మెట్ల మీద పరుగెత్తకూడదు. ఆరుబయట ఉంటే గోడలకు, కరెంటు తీగలకు దూరంగా నిలబడాలి. ఇంట్లో అయితే ఊపు ఆగగానే గ్యాస్ సిలిండర్ కట్టేయాలి. మొదటిసారి నవ్వులాటగా చేశారు. ఇప్పుడు అర నిమిషంలో గది మొత్తం బెంచీల కింద ఉంటోంది. సొసైటీ హాలులో కూడా దీన్ని నేర్పడానికి మేము సిద్ధం.

ఆవు కొమ్ము కథ చెప్పిన అమ్మాయి మొన్న వచ్చి, వాళ్ల దాదీ మంచం పక్కనున్న ఎత్తు బీరువాను గోడకు బిగించారని చెప్పింది. దాదీ ఒప్పుకుందా అని అడిగాం. "ఆవు ఎప్పుడు కొమ్ము మార్చుకున్నా బీరువా మాత్రం పడకూడదంది సార్" అంది.

మనం కట్టబోయే గోడల నీడలో కూర్చునే ప్రతి బిడ్డనూ అల్లాహ్ చల్లగా చూడాలని, మనకు ముందుచూపు ప్రసాదించాలని దుఆ చేస్తున్నాం. ఆమీన్.